కుండ దించిన అరగంట

మావారికి,

ఒడ్డున మేమంతా కులాసా. నీళ్ళ మీద మీరూ కులాసాగానే ఉన్నారని తలుస్తూ రాస్తున్నాను.

మొన్న మంగళవారం ఉదయం పదకొండు నలభైకి పేటెంటు కార్యాలయంలో విచారణాధికారి రంగుల కంపెనీ దరఖాస్తును నిలిపేశారు. మన పడవల జిగురు మీద వాళ్ళకి హక్కు రాలేదు. ఇక రాదు అని మాత్రం ఇప్పుడే రాయలేను. నిలిపేయడం వేరు, కొట్టేయడం వేరు. ఆ రెంటికీ మధ్య ఒక షరతు ఉంది, దాన్ని ఉత్తరం చివర్లో చెబుతాను. ముఖ్యమైన సంగతి ముందే రాసెయ్యాలని పత్రికలో కొత్తగా చేరిన వాళ్ళందరికీ నేర్పిన దాన్ని, నా సొంత ఉత్తరంలో సగం ముందూ సగం వెనకా పెడుతున్నాను. ఎందుకో అక్కడికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం అందింది. ఫోనులో సగం మాటలు గాలికి పోతున్నాయి, అన్నీ వివరంగా రాయమన్నారు. రాస్తున్నాను. వంటింటి కప్పు కారడం ఆగింది. అత్తయ్యకి మోకాలు నొప్పి తగ్గింది, తగ్గిందని ఒప్పుకోవడం మాత్రం లేదు. ఈ కేసు గురించి మా పత్రికలో నేను రాయడం లేదు. ఇంటి మనిషిని కనక వద్దని నేనే మా ఎడిటరుకి చెప్పాను. ఆయన ఇంకొకరిని పంపారు. ఆ ఇంకొకరు అన్నీ సరిగ్గానే రాసి, అత్తయ్య వయసు దగ్గర మాత్రం పదేళ్ళు ఎక్కువ వేశారు. ఇప్పుడు అత్తయ్యకి కంపెనీ మీద కంటే మా పత్రిక మీదే ఎక్కువ కోపం. పొద్దున పేపరు రాగానే తిరగేసి మడిచి, దాని మీద కందిపప్పు డబ్బా పెడుతున్నారు.

"అమ్మ మొత్తం తయారీ చెప్పేస్తే కేసు ఒక్క రోజులో తేలిపోదా?" అని అడిగారు. మీరే ఇలా అడిగితే ఇక విచారణాధికారిని ఏమనాలి? మీకు తెలిసిన సంగతే అయినా, ఆయనకి చెప్పినట్టే మీకూ చెబుతాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది.

ఈ ఏటి పక్కన పట్నం లేనప్పటి నుంచీ ఉన్న తెగ మీది. పడవ చెక్కల సందుల్లో పూసే ఆ జిగురు మీ ఏటివాళ్ళది. దాన్ని మూడు ఇళ్ళు మూడు వంతులుగా దాచుకున్నాయి. ఏ చెట్టుకి ఎప్పుడు గాటు పెట్టి బంక తియ్యాలో పక్కింటి పిన్ని వాళ్ళకి తెలుసు. నూనె సంగతి రేవు చివరి ఇంటివాళ్ళకి తెలుసు. వంట మన ఇంటిది: ఏ దినుసు ఎప్పుడు వెయ్యాలి, కుండ ఎప్పుడు దించాలి అన్నది. ఒక్కో ఇంట్లో తరానికి ఒక్కరికే చెబుతారు. కాబట్టి మొత్తం చెప్పగలిగిన మనిషి లోకంలో ఎక్కడా లేడు, కంపెనీ దరఖాస్తులో తప్ప. అందులో వాళ్ళ ప్రయోగశాల పెద్దని 'కనిపెట్టినవారు' అని రాశారు.

ఆ హక్కు వాళ్ళకి వచ్చేస్తే ఇరవై ఏళ్ళ పాటు మన పడవకి మనం జిగురు పూసుకోవాలన్నా వాళ్ళని అడగాలి. అమ్మాలంటే అసలు కుదరదు. మన ప్లీడరు గారిని అత్తయ్య 'ప్లీడరమ్మ' అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఆవిడ మొదటి రోజే తేల్చి చెప్పింది. "కాగితం మీద పెడితే అది అందరికీ తెలిసిపోతుంది, పెట్టకపోతే మీదని ఎవరికీ తెలియదు. ఈ రెండూ కాకుండా ఇంకో దారి వెతకాలి." ఆ దారి మన వంటింట్లో దొరికింది.

ఒక మధ్యాహ్నం ప్లీడరమ్మ మన వంటింట్లో స్టూలు మీద కూర్చుని కంపెనీ దరఖాస్తు చదివి వినిపిస్తోంది. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతున్నారు. నేను గిన్నెలు తుడుస్తున్నాను.

"'మిశ్రమాన్ని ఎడమ చేతితో, కుడి నుంచి ఎడమకు, ఎడతెగకుండా కలపవలెను'" అని చదివింది ప్లీడరమ్మ.

కత్తి ఆగింది. "ఏ చేత్తో?"

"ఎడమ చేత్తో అనే ఉందండీ. దానివల్ల మిశ్రమం సమంగా కలుస్తుందట."

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నీళ్ళు ఇచ్చాను. "ఓ ప్లీడరమ్మా, ఆ సర్వే పిల్ల వచ్చినప్పుడు నా కుడి చెయ్యి బెణికింది. గుడ్డ కట్టి మెడకి వేలాడేసుకున్నాను. ఎడమ చేత్తో తిప్పక కాలితో తిప్పుతానా?"

సర్వే పిల్ల అంటే, నాలుగేళ్ళ కిందట, మన పెళ్ళికి ముందు, కాలేజీ తరఫున వచ్చి మన రేవులో పనులన్నీ చూసి రాసుకుపోయిన అమ్మాయి. తన నివేదిక అచ్చయింది. కంపెనీ వాళ్ళు దాన్ని తెచ్చుకుని, దొరకని చోట్ల తమ ప్రయోగశాలతో నింపుకున్నారు.

"'తాజా నీటి పాత్రను మూడు దఫాలు పొయ్యి పక్కన ఉంచవలెను.'"

"ఇదింకా బావుంది! దినుసు వేసే ప్రతిసారీ, చూడకూడదని ఆ పిల్లని నీళ్ళకి పంపాను. పాపం, మూడు బిందెలు మోసింది. నేను గుక్కెడు కూడా తాగలేదు."

ప్లీడరమ్మ కూడా నవ్వుతూనే తర్వాతి పేరా చదివింది. "'పాత్రను మధ్యలో పొయ్యి మీద నుంచి దించి, అరగంట పాటు కదపకుండా ఉంచి, తిరిగి వేడి చేయవలెను.'"

ఈసారి అత్తయ్య నవ్వలేదు. ఉల్లిపాయల వైపు చూస్తూ, "అది వదిలెయ్" అన్నారు.

"అది వదిలేస్తే కేసే లేదండీ. మిగతాదంతా పాత పద్ధతేనని వాళ్ళూ సగం ఒప్పుకుంటున్నారు. మేము కొత్తగా కనిపెట్టామని వాళ్ళు చెప్పుకుంటున్నది ఈ అరగంటనే."

అత్తయ్య కత్తి పక్కన పెట్టారు. "ఆ అరగంట నేను గోడ దగ్గర ఉన్నాను."

"గోడ దగ్గర ఏం చేశారు?"

"ఏం చేస్తాను? పోట్లాడాను."

ఎవరితోనో మీకు చెప్పక్కర్లేదు. గొడవ మాత్రమే మీకు తెలుసు, అది ఎప్పుడు జరిగిందో, కుండ సంగతేమిటో మీకూ తెలియదు. పిన్నికీ అత్తయ్యకీ నాలుగేళ్ళుగా మాటల్లేవు. అడ్డుగోడ మీద కూర్చునే ఆ బూడిదరంగు పిల్లికి చెబుతున్నట్టు చెప్పుకోవడమే. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఇద్దరూ దానితో అంత మర్యాదగా కష్టసుఖాలు మాట్లాడుతుంటే, అది రెండిళ్ళవాళ్ళూ ముద్దుగా పెంచుకునే పిల్లి కాబోలు అనుకున్నాను. అది ఎవరి పిల్లీ కాదని మీరు చెప్పేదాకా తెలియదు.

ఆ గొడవకి పిన్ని సాక్ష్యం కావాలంది ప్లీడరమ్మ. నేను అడగనన్నారు అత్తయ్య. నేనే వెళ్ళాను. పిన్ని గుమ్మంలో నిలబడి బియ్యం ఏరుతోంది. రేవులో అందరూ ఆవిణ్ణి 'మైకు పిన్ని' అనేది ఎందుకో మీకు తెలుసు; నాతో రహస్యంగా మాట్లాడినా మూడిళ్ళకి వినపడుతుంది.

"నన్నెందుకు పిలుస్తున్నారే అమ్మాయ్? ఆ ఇంటి గడప తొక్కి నాలుగేళ్ళయింది."

"గడప కాదు పిన్నీ, విచారణ గదికి రావాలి. అక్కడికి మనందరం కొత్తే."

"బంక మా ఇంటిది. అది పోతే నాకూ పోయినట్టే, నాకు తెలియదా? కానీ మీ అత్తయ్యని వచ్చి అడగమను. ఒక్క మాట. అంతే."

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్య పెరట్లోకి వెళ్ళి, గోడ మీద ఎండలో పడుకున్న పిల్లి ముందు నిలబడ్డారు.

"ఏమే, మంగళవారం పొద్దున్నే తయారుగా ఉండమని చెప్పు. ఎనిమిదింటికి బస్సు."

పిల్లి ఒళ్ళు విరుచుకుంది. గోడ అవతలి నుంచి జవాబు వచ్చింది. "కిటికీ పక్క సీటు నాదైతేనే వస్తానని చెప్పవే."

మంగళవారం ముగ్గురం వెళ్ళాం. సీటు పిన్నికే ఇచ్చారు.

విచారణ గది పెద్దదేమీ కాదు. పొడుగు బల్ల, కిర్రుమనే ఫ్యాను, మూల ఒక టైపిస్టు. విచారణాధికారి నెమ్మదైన మనిషి, అందరి గ్లాసుల్లో నీళ్ళున్నాయో లేదో చూసి గానీ మొదలుపెట్టలేదు. ముందు అత్తయ్యని పిలిచి, తయారీ అంతా రాసి ఇమ్మని అడిగారు.

"కుదరదు బాబూ. నాకు మూడో వంతే తెలుసు."

"మిగతా ఇద్దరినీ కూడా పిలిపిస్తాను."

"వాళ్ళు చెబితే నేను వినకూడదు. నేను చెబితే వాళ్ళు వినకూడదు. ఇక మొత్తం తెలిసేది మీ ఒక్కరికే. మా తాతముత్తాతలే మొయ్యని బరువు, మీకెందుకు బాబూ?"

ఆయన కలం కింద పెట్టారు. తర్వాత కంపెనీ వకీలు లేచారు. మంచి గొంతు, మర్యాదైన మనిషి. "అమ్మా, మీ ఇంట్లో జిగురు వండేటప్పుడు మధ్యలో కుండ దించి, అరగంట ఆరబెట్టి మళ్ళీ పెడతారా?"

"ఛ! ఎవరైనా దించుతారా? పాడైపోదూ!"

"చాలా సంతోషం. అంటే దించడమనేది మీ పద్ధతిలో లేదు. కాబట్టి అది మేము కనిపెట్టినదే." ఆయన కూర్చున్నారు.

ప్లీడరమ్మ చేతిలో కలం ఆగిపోయింది. అత్తయ్య చెప్పింది అక్షరాలా నిజం, ఆ నిజం వల్లే ఓడిపోయేలా ఉన్నాం. ఆ తర్వాత ప్లీడరమ్మ పిన్నిని పిలిచింది.

అక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నారు అధికారి.

"నేను గోడ మీద దుప్పటి ఆరేసుకున్నానండీ. మా గోడ."

వెనక బెంచీ మీద నుంచి అత్తయ్య, "సగం గోడ" అన్నారు.

"మీరు మధ్యలో మాట్లాడకూడదమ్మా" అన్నారు అధికారి.

"నేను గోడ సంగతి చెబుతున్నానండీ. కేసు సంగతి కాదు."

పిన్ని వెనక్కి తిరిగింది. "ఆ సగం గోడ మీదే ఆరేశాను. నీ సగం ముట్టుకోలేదు."

"నీళ్ళు మాత్రం నా సగంలోకి కారాయి. కట్టెలన్నీ తడిసి పొయ్యి పొగ చిమ్మింది. ఆ పొగలో ఎలా వండను?"

"నాలుగు చుక్కలు!"

"పిండకుండా ఆరేస్తే నాలుగు చుక్కలా? ఏరు పారింది."

"పిండడానికి చెయ్యి లేవాలి కదా! నాకు అప్పుడు మణికట్టు నొప్పి. అడిగావా ఒక్కసారైనా?"

"నా చెయ్యి మెడకి వేలాడుతోంది కదే! నీకు కనపళ్ళేదా?"

"కనపడింది అక్కా. జాలి కూడా వేసింది. నువ్వు నోరు విప్పగానే పోయింది."

'అక్కా' అన్నది నాలుగేళ్ళలో అదే మొదటిసారి. ఇద్దరూ ఆ సంగతి గమనించినట్టు లేదు. టైపిస్టు తలెత్తి, "సార్, ఇదంతా కొట్టాలా?" అని అడిగాడు.

"కొట్టండి. అమ్మా, మిగతాదంతా ఇలాగే సాగిందా?"

"ఇంకా ఎక్కువే" అన్నారిద్దరూ ఒకేసారి.

సర్వే అమ్మాయి తనంతట తానే వచ్చి ఒక మూల కూర్చుంది. ఆమెని లేపి అడిగారు. తను దాచలేదు. "నిజమేనండీ. మూడో బిందె తెచ్చేసరికి కుండ కింద ఉంది, వీళ్ళు గోడ దగ్గర ఉన్నారు. గొడవ అని తెలుసు. కానీ కుండ అంత జాగ్రత్తగా దించి మూత పెట్టారు, అది పద్ధతేమో అనుకుని రాశాను. తర్వాత వచ్చి అడగాల్సింది."

ప్లీడరమ్మ అత్తయ్యని మళ్ళీ పిలిచింది. "తిరిగి వచ్చేసరికి జిగురు ఎలా ఉంది?"

"చల్లారిపోయింది. పారబొయ్యడానికి మనసొప్పలేదు. మళ్ళీ పొయ్యి మీద పెట్టాను."

"ఆ జిగురు ఏ పడవకి పూశారు?"

అత్తయ్య నా వైపు చూశారు. నాకేమీ తెలియదు కనక నేనూ చూశాను.

"మా వాడి పడవకి."

"ఆ పడవ ఏమైంది?"

"కారింది."

ఇది మీరు కూర్చుని చదవాల్సిన చోటు. మీ కొత్త పడవ మొదటి రోజే రేవంతా చూస్తుండగా నీళ్ళు తాగింది కదా. పూత వెయ్యడం రాదని మిమ్మల్ని అప్పటి నుంచీ 'జల్లెడ' అని పిలుస్తున్నారు కదా. మన పెళ్ళిలో కూడా ఎవరో "జల్లెడకి పెళ్ళి" అంటే మా నాన్న కంగారుపడి నన్ను పక్కకి పిలిచారు. అత్తయ్య విచారణ గదిలో, టైపిస్టు వైపు తిరిగి, ఒక్కో మాటా అతనికి అందేలా ఆగి ఆగి చెప్పారు. "వాడి చేతిలో తప్పు లేదు. జిగురే పాడు. ఆ సంగతి నాకు తెలుసు. పోట్లాటకి పోయి కుండ పాడుచేసుకున్నానని చెప్పలేక ఊరుకున్నాను. ఇది కూడా రాయండి బాబూ." ముందు మీకే చెప్పాల్సిందని తిరిగొచ్చేటప్పుడు దారంతా అంటూనే ఉన్నారు. ఆవిడ తరఫున నేను రాస్తున్నాను, ఆవిడ ఎలాగూ రాయరు.

అధికారి నవ్వు ఆపుకోలేదు. "అంటే కంపెనీవారు కొత్తగా కనిపెట్టింది కారే జిగురన్నమాట."

"మా ప్రయోగశాలలో కారలేదండీ" అన్నారు వకీలు.

"మీ ప్రయోగశాలలో ఏరు ఉందా?"

అరగంట ఎవరిదో తేలిపోయింది. వాళ్ళు కనిపెట్టింది కాదు, వాళ్ళకంటే ముందు అత్తయ్య చేతిలో జరిగిందే, పైగా అప్పటికే అచ్చయింది. ఆ అంశాన్ని అక్కడికక్కడే పక్కన పెట్టారు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో పిన్ని కిటికీ పక్క నుంచి లేచి, "నీకు తల తిరుగుతుంది కదా, ఇటు రా" అని అత్తయ్యని కూర్చోబెట్టింది. ఇప్పుడు గోడ మీద నుంచి కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పిల్లిని పలకరించే దిక్కు లేదు. అది రోజంతా గోడ మీద బిక్కమొహం వేసుకుని కూర్చుంటోంది, చూడలేక నేనే అప్పుడప్పుడూ పలకరిస్తున్నాను. రేవులో మీ పేరు మారింది. నిన్న పడవలవాళ్ళు అడిగితే, "జల్లెడ అనకండి, ఆ మాట కోర్టులో కొట్టేశారు" అంది పిన్ని. కోర్టు కాదు, కార్యాలయం. నేను దిద్దలేదు.

ఇక మీ ఉత్తరంలో చివరి వాక్యం. దానికి ఇంకా జవాబు రాయలేదు. 'ఈసారి సెలవుకి వచ్చినప్పుడు అమ్మ దగ్గర మన వంతు నేర్చుకుంటాను, ఇన్నాళ్ళూ వాయిదా వేశాను' అని రాశారు. అది చదివాక ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను.

మంగళవారం ఆ అరగంట పోయాక కూడా కంపెనీ వకీలు ఊరుకోలేదు. ఆయన రెండో వాదన గట్టిది. "ఒక తెగ తన తరతరాల విద్యని ఇప్పటికీ చేతుల మీద నడిపిస్తుంటేనే చట్టం దానికి రక్షణగా నిలుస్తుంది. ఇక్కడ కాగితం లేదు. మిగతా రెండిళ్ళలో వారసులున్నారు, ఒప్పుకుంటాం. వంట మాత్రం ఈ పెద్దావిడ ఒక్కరికే తెలుసు. ఒక్కగానొక్క కొడుకు ఇనప ఓడలో ఇంజను చూసుకుంటున్నారు. ఈవిడతో ఆగిపోయే దాన్ని మా కంపెనీ బతికిస్తానంటే తప్పేముంది?"

అధికారి అత్తయ్యని అడిగారు. "మీ తర్వాత ఎవరికి తెలుసమ్మా?"

అత్తయ్య మీ పేరు చెబుతారనుకున్నాను.

"నా కోడలికి" అన్నారు.

నేను వెనక బెంచీ మీద ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు, నాకెవరూ నేర్పలేదు. కాదని చెప్పడానికే లేచి నిలబడ్డాను. తెలియనిదాన్ని తెలుసనడం నా చేత కాదు, మీకు తెలుసు.

"మీకు తెలుసా?" అని అడిగారు అధికారి.

జవాబు చెప్పే ముందు లోపల ఒకసారి సరిచూసుకున్నాను, అలవాటు కొద్దీ. వండే రోజుల్లో అత్తయ్య నన్ను పిలుస్తూ ఉండేవారు. "ఇటు రా, వాసన చూడు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటి?" "కళ్ళు మూసుకుని విను. ఉడుకు చప్పుడు ఎప్పుడు మారింది?" "వంటింట్లో డబ్బాలు సర్దినట్టు ఈ మూడూ వరసలో అందించు." ఒంటరిగా తోచక పిలుస్తున్నారనుకున్నాను. తోడు కదా అని జవాబులు చెప్పేదాన్ని. తప్పు చెబితే ఆవిడ ఏమీ అనేవారు కాదు, మర్నాడు మళ్ళీ అదే అడిగేవారు. విచారణ గదిలో నిలబడి మొదటి దినుసు నుంచి కుండ దించే దాకా తలుచుకుంటూ వెళ్ళాను. ఎక్కడా ఆగలేదు.

"తెలుసండీ."

"ఎప్పటి నుంచి?"

"తెలుసని ఇప్పుడే తెలిసిందండీ."

ఊరంతటి వార్తలూ సేకరించేదాన్ని, నా ఇంట్లో జరుగుతున్నది నాకే ఆఖరుకి తెలిసింది.

వకీలు ఊరుకుంటారా? "ఈవిడ ఆ తెగలో పుట్టలేదు. పైగా పత్రికలో పని. ఈవిడ దగ్గర రహస్యం ఆగుతుందా?"

పిన్నిని ఎవరూ పిలవలేదు, అయినా లేచింది. "మా కూతుళ్ళు వేరే రేవులకి పోతారు, కోడళ్ళు వేరే రేవుల నుంచి వస్తారు. మీ ఇంట్లో అలా కాదా బాబూ?"

"నేనూ కోడలినే" అన్నారు అత్తయ్య. "మా అత్తగారు కన్నకొడుక్కి చెప్పకుండా నాకు చెప్పింది. ఆయనకి నోరు ఆగదని."

ఇదే నేను చెప్పలేక వెనక్కి నెట్టుకుంటూ వచ్చిన సంగతి. అవునన్నాను. మిమ్మల్ని అడగకుండా అన్నాను. ఒక ఇంట్లో తరానికి ఒక్కరికే అన్నది నియమం. ఆ ఒక్కరూ ఇక నేనే. మీరు పుట్టినప్పటి నుంచీ మీదని అందరూ అనుకున్నది నా దగ్గరికి వచ్చింది, దాన్ని నేను మీకు చెప్పకూడదు. మీరు పక్కనే కూర్చున్నా, ఎంత బతిమాలినా చెప్పను. తెలిసినదల్లా మర్నాటికి అచ్చులో పెట్టడమే ఇన్నేళ్ళూ నా ఉద్యోగం. ఇది ఒక్కటీ ఎక్కడా పెట్టను.

అత్తయ్యని ఆ రాత్రి భోజనాల దగ్గర గట్టిగానే అడిగాను. "ఆయన్ని ఒక్కమాట అడగాల్సింది కదా!"

"అడిగితే నాకే నేర్పమంటాడు. నేర్పితే ఓడంతా చెబుతాడు. అచ్చం వాళ్ళ నాన్నే."

"మరీ అంతలా చెప్పరు అత్తయ్యా."

"మీ పెళ్ళి మాట వారం రోజులు ఎవరికీ చెప్పొద్దని నువ్వే కదుటే అన్నది? సాయంత్రానికి నాకు చేపలమ్మే ఆవిడ చెప్పింది."

దీనికి జవాబు మీకు దొరికితే రాయండి. కోపం వస్తే అదీ రాయండి, ఎన్ని పేజీలైనా సరే, చదువుతాను. మీకు బాధ కలిగితే అది న్యాయమే. కానీ ఆ గదిలో ఆ క్షణాన నేను కాదంటే, వంట కంపెనీదయ్యేది. అవునంటే మన ఇంట్లోనే ఉంటుంది, మీ చేతిలో కాకుండా నా చేతిలో. ఇంకో దారి ఉందేమోనని అప్పటి నుంచీ వెతుకుతున్నాను. కనపడలేదు.

షరతు ఇది. వచ్చే గురువారం ఉదయం ఎనిమిదింటికి విచారణాధికారి, టైపిస్టు, కంపెనీ వకీలు, ప్లీడరమ్మ మన పెరటికి వస్తారు. అత్తయ్య సాయం లేకుండా, మాట కూడా లేకుండా, జిగురు నేను వండాలి. ఒక చిన్న చెక్కపెట్టెలో పొడి గుడ్డ పెట్టి, సందులన్నీ ఆ జిగురుతో పూసి ఏట్లో ముంచుతారు. సాయంత్రం ఐదింటికి తీసి తెరుస్తారు. గుడ్డ పొడిగా ఉంటే కంపెనీ దరఖాస్తు పూర్తిగా కొట్టేస్తారు. తడిస్తే విచారణ మళ్ళీ మొదటి నుంచి.

దినుసులు వేసేటప్పుడు వచ్చినవాళ్ళెవరూ చూడకూడదని, అందరూ ఏటి వైపు తిరిగి కూర్చోవాలని ప్లీడరమ్మ అడిగింది. వకీలు అభ్యంతరం చెప్పారు. అధికారి ఒప్పుకున్నారు, తనూ తిరుగుతానన్నారు. పిన్ని బంక తెచ్చి ఇచ్చింది, రేవు చివరి ఇంటి నుంచి నూనె వచ్చింది. కట్టెలు ఎండలో పెట్టాను. ఆ రోజు గోడ మీద ఏమీ ఆరెయ్యనని పిన్ని ఊరంతటికీ వినపడేలా మాటిచ్చింది.

నిన్న సాయంత్రం అత్తయ్య ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ పెరట్లోకి తెచ్చి, ఏటికి ఎదురుగా వరసగా వేసి చూసుకున్నారు. వచ్చేవాళ్ళ కంటే ఒక కుర్చీ ఎక్కువ ఉంది. పిన్నికా అని అడిగాను.

"అది గోడ అవతలే కూర్చుంటుంది. ఇది నాకు" అన్నారు.

గురువారం ఎనిమిదింటికి నేను పొయ్యి వెలిగించాక, ఆవిడ కూడా అందరితో పాటు ఏటి వైపు తిరిగి కూర్చుంటారు.

ఇట్లు,
మీ ఆవిడ